దూప అన్న మాట

బన్సీలాల్‌పేట్,
సికింద్రాబాద్.

చి. శ్రావణికి,

మొన్న ఫోన్లో బడి కబుర్లు చెబుతూ ఒక మాటన్నావు. "మా ఒకటో తరగతి పిల్లలు అసలు లేని మాటలు మాట్లాడతారు పెద్దమ్మా, వాళ్ళతో ఎలా వేగాలో తెలీటం లేదు" అని. అంతలో సిగ్నల్ పోయింది. మళ్ళీ నువ్వు చేసేసరికి మీ అమ్మ మోకాళ్ళ నొప్పుల్లోకి వెళ్ళిపోయాం. ఆ "లేని మాటలు" మాత్రం రెండు రోజులుగా నన్ను వదల్లేదు. ఫోన్లో తేలే సంగతి కాదని కాగితం తీశాను.

నేను తెనాలి నుంచి పెళ్ళయి ఈ ఊరొచ్చి, ఇక్కడి బడిలో చేరిన తొలి ఏడాది జరిగిన సంగతి ఇది. ఇన్నేళ్ళలో మీ అమ్మకు కూడా చెప్పలేదు. మార్చి నెల, ఒంటిపూట బడులు. రేకుల కప్పు కింద రెండో తరగతి. మూడో వరసలోంచి ఒక పిల్లాడు లేచి "టీచర్, దూపైతుంది" అన్నాడు. నాకు ధూపం అని వినపడింది. పక్క సందులో గుడి ఉండేది, సాంబ్రాణి పొగ వస్తోందేమో అనుకున్నాను. "ఏ వాసనా లేదు, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. కాసేపటికి మళ్ళీ లేచి అదే మాట. ఈసారి నాకు విసుగొచ్చింది. "దూపైతుంది అనే మాట లేదు నాన్నా, సరిగ్గా చెప్పడం నేర్చుకో" అన్నాను. మూడోసారి వాడు లేవలేదు. గంట కొట్టగానే పంపు దగ్గరికి పరిగెత్తి, దోసిలి పట్టి, ఊపిరి తీసుకోకుండా తాగాడు. గుమ్మం దగ్గర కూర్చున్న ఆయమ్మ నా వంక చూసి, "పోరడు అప్పటిసంది దూపైతుందంటుండు గద టీచర్" అంది.

దూప అంటే దాహం. వాళ్ళ అమ్మ, వాళ్ళ అమ్మమ్మ, ఆ సందులో సగం ఇళ్ళు రోజుకు పదిసార్లు అనే మాట. అది లేదని చెప్పినదాన్ని నేను. దప్పికతో ఉన్న పిల్లాణ్ణి గంటసేపు కూర్చోబెట్టినదాన్నీ నేనే. నాకు చెవుడు లేదు, పిల్లాడు నసగలేదు. అయినా అది ఎలా జరిగిందన్న ప్రశ్న నన్ను చాలా ఏళ్ళు పుస్తకాల వెంట తిప్పింది.

మనుషులు ఒక మాటను మాటగా ఎలా గుర్తుపడతారన్నదాన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక తేలిక పరీక్షతో చూస్తారు. తెర మీద కొన్ని అక్షరాలు వెలుగుతాయి. అది మాటైతే ఒక మీట నొక్కాలి, కాకపోతే ఇంకో మీట. అంతే. పెద్దవాళ్ళు తెలిసిన మాటను చూసి మీట నొక్కడానికి తీసుకునే సమయం అర సెకను, మహా అయితే ముప్పావు సెకను. తలలో వేలకు వేల మాటలుంటాయి కదా, అన్నిటినీ నిఘంటువులా తిరగేస్తే తెల్లారిపోతుంది. అలా తిరగెయ్యం. రోజూ వాడే మాటలు గుమ్మంలోనే నిలబడి ఉంటాయి, ఎప్పుడో వాడేవి అటక మీద ఉంటాయి. 'ఇల్లు'ను పట్టినంత వేగంగా 'గవాక్షం'ను పట్టలేం. 1971లో డేవిడ్ మేయర్, రోజర్ ష్వానెవెల్ట్ అనే ఇద్దరు ఇంకో సంగతి చూపించారు. ఒక మాట వినిపిస్తే దాని చుట్టాలన్నీ లేచి కూర్చుంటాయి. వాళ్ళ పరీక్షలో రొట్టె అన్న మాట పక్కన వెన్న అన్న మాటను జనం తొందరగా గుర్తుపట్టారు. మనకైతే పప్పు అనగానే నెయ్యి ముందుకొస్తుంది, కుంకుడుకాయ అంటే తలంటు గుర్తొస్తుంది.

దీన్నిబట్టి ఆ రోజు నా తలలో ఏం జరిగిందో చూడు. గుడి పక్కనే ఉంది. నా మనసులో గుడి చుట్టాలు అప్పటికే మెలకువగా ఉన్నాయి. దూప అనే ధ్వని వచ్చింది. నా దగ్గర ఆ మాట లేదు. చెవి "ఇది నాకు తెలీదు" అని ఊరుకోదమ్మా, దగ్గర్లో ఉన్న తెలిసిన మాట దగ్గరికి లాక్కెళ్తుంది. 1970లో రిచర్డ్ వారెన్ అనే ఆయన ఒక వాక్యంలో ఒక మాటలోని ధ్వనిని కోసేసి, ఆ చోట దగ్గు చప్పుడు అతికించి వినిపించాడు. విన్నవాళ్ళకు లోటే కనపడలేదు, మాట నిండుగా వినిపించింది. చెవికి రాని ధ్వనిని తలే పూరించుకుంది. గోలగా ఉండే తరగతిలో మనం పిల్లల మాటలు వినగలిగేది ఈ గుణం వల్లే. దూపను ధూపం చేసింది కూడా ఆ గుణమే. అందుకే మనకు కొత్త మాట వచ్చినప్పుడు అది కొత్తదని తెలియదు. తప్పుగా పలికిన పాత మాటలా వినిపిస్తుంది. నువ్వు "లేని మాట" అన్నప్పుడు నాకు మొదట కలిగిన అనుమానం ఇదే.

మాట కాని మాటలన్నీ ఒక్కలాంటివి కావు. 'ణ్ప్రుళ్' అని నేను రాస్తే నువ్వు ఒక్క క్షణం కూడా ఆలోచించవు. 'సొలటి' అని రాస్తే ఆగుతావు. ఎక్కడో విన్నానేమో, ఏదైనా చెట్టేమో, మీ తాతయ్య వాళ్ళ ఊరేమో అనిపిస్తుంది. పరీక్షల్లోనూ అంతే. భాష పోలికే లేనివాటిని జనం తటాలున తోసేస్తారు. భాష పోలిక ఉన్నవాటిని కాదనడానికి, అసలు మాటలను అవుననడానికన్నా ఎక్కువసేపు పడుతుంది. ఆ పోలిక ఎక్కడ ఉంటుందంటావా? మన భాషకు కొన్ని కట్టుబాట్లున్నాయి. అచ్చ తెలుగు మాట ళతోనో ణతోనో మొదలుకాదు. మాట చివర అచ్చో సున్నానో ఉంటే తప్ప మన నాలుకకు నిలకడ ఉండదు. అందుకే బస్ బస్సైంది, బ్యాంక్ బ్యాంకైంది. మా పేట సంగతే చూడు. దీన్ని వెనకటికి నాగన్నకుంట అనేవారట. 1933లో కీస్ అనే దొర హయాంలో పద్ధతిగా వీధులు వేసి, డబ్బిచ్చిన సేఠ్ బన్సీలాల్ పేరు పెట్టారు. బోర్డు మీద పేట్ అనే ఉంటుంది. కూరగాయలమ్మే లక్ష్మమ్మ నోట్లో మాత్రం అది ఎప్పుడూ పేటే. ఆమెకు ఎవరూ సంధి సూత్రాలు చెప్పలేదు.

ఈ కట్టుబాట్లు పిల్లలకు ఎంత లోతుగా పట్టుబడతాయో కళ్ళారా చూడాలంటే ఒక ఆట ఉంది. 1958లో జీన్ బెర్కో అనే ఆవిడ అమెరికాలో పిల్లలకు ఒక పిట్టలాంటి బొమ్మ చూపించి, దానికి ఎక్కడా లేని పేరు పెట్టి, రెండు బొమ్మలు చూపించి "ఇప్పుడివి?" అని అడిగింది. పిల్లలు ఆ పేరుకు బహువచనం చక్కగా చెప్పారు. ఎప్పుడూ వినని మాటకు! నేను ఇక్కడ చేసి చూశాను. బొమ్మ గీసి "ఇది జేడు" అన్నాను. పక్కన ఇంకోటి గీసి "ఇవి రెండు..." అని ఆగాను. తరగతంతా "జేళ్ళు" అని అరిచింది. గూడు గూళ్ళు ఎలా అయిందో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. నువ్వు కూడా చెయ్యి. నీ బడిలో తెలుగు ఇంట్లో మాట్లాడే పిల్లలెవరో, బడిలో మాత్రమే వినేవాళ్ళెవరో ఈ ఒక్క ఆటలో నీకు కొంత తెలుస్తుంది.

ఈ కట్టుబాట్లు ఎంత గట్టివో తెలియడానికి మా వీధి చివరి తాతగారి సంగతి కూడా చెప్పాలి. పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత కుదుటపడ్డాయి, మాట మాత్రం మారిపోయింది. గలగలా మాట్లాడేవారు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. "ఆ దెముకుని సొలటిలో పెట్టండి" అనేవారు. చూశావా, దెముకు లేదు, సొలటి లేదు. కానీ 'ని' ఉండాల్సిన చోట ఉంది, 'లో' ఉండాల్సిన చోట ఉంది, 'పెట్టండి' అన్న మర్యాద కూడా చెక్కు చెదరలేదు. మాటలు పోయాయి, తెలుగు మిగిలింది. మెదడులో ఎడమవైపు వెనక భాగం దెబ్బతింటే ఇలాంటి మాట వస్తుందని జర్మనీ వైద్యుడు వెర్నికే 1874లోనే రాశాడు. తను అంటున్నవి మాటలు కావని తాతగారికి తెలియదు. మనం అర్థం చేసుకోకపోతే కోపం వచ్చేది. చూడ్డానికి వచ్చినవాళ్ళు పాపం మతి పోయిందనుకునేవాళ్ళు. ఆయన కోడలు మాత్రం ఎప్పుడూ "అలాంటి మాట లేదు మామయ్యా" అనలేదు. దెముకు అనగానే తలగడ, కళ్ళజోడు, మందుల డబ్బా ఒక్కొక్కటే ఎత్తి చూపేది. తలూపేదాకా చూపేది. నేను బీఎడ్‌లో నేర్చుకోనిది ఆ అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను.

ఇప్పుడు నీకు రోజూ పనికొచ్చే విషయం. దీని మీదే ఎక్కువ రాస్తాను, విసుక్కోకు.

నీ తరగతిలో గడగడా చదివే పిల్లలుంటారు. వాళ్ళను చూసి తొందరపడి మురిసిపోకు. సగం మంది చదవరు, అప్పజెబుతారు. పేజీ మీద బొమ్మను బట్టి, వరసను బట్టి వాళ్ళకు ఏ మాట వస్తుందో ముందే తెలుసు. నిజంగా అక్షరాలు చూసి చదువుతున్నారో లేదో తెలియాలంటే ఎక్కడా లేని మాట రాసి చూడు. పలక అని కాకుండా లపక. బలపం బదులు పలబం. అక్షరం పట్టుబడిన పిల్ల లపక అని చదివి "అంటే ఏంటి టీచర్?" అంటుంది. అప్పజెప్పే పిల్లాడు "పలక" అనేస్తాడు. వాడిది అబద్ధం కాదు. నా చెవి దూపను ధూపం చేసినట్టే వాడి కన్ను లపకను పలక చేసింది. అలాంటివాడికి గుణింతాల దగ్గర నుంచి ఓపిగ్గా మళ్ళీ మొదలుపెట్టాలి. నాలుగో తరగతికి వచ్చాక బయటపడితే చాలా కష్టపడతాడు.

ఈ పరీక్ష పెట్టేముందు మాత్రం "ఇవన్నీ ఉత్తుత్తి మాటలర్రా, వీటికి అర్థం లేదు, ఎలా ఉంటే అలా చదవండి" అని తప్పకుండా చెప్పు. చెప్పకపోతే బాగా చదివే పిల్లలే దారి తప్పుతారు. టీచరు తప్పు రాసిందేమోనని నీ మీద గౌరవం కొద్దీ దాన్ని దిద్ది చదువుతారు. నేను మొదటిసారి చెప్పకుండా పెట్టాను. తరగతిలో అందరికన్నా తెలివైన పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఇదంతా ఇంట్లో తెలుగు ఉన్న పిల్లలకు. ఆదిలాబాద్ వైపు నీ బడిలో గోండు పిల్లలున్నారు, కోలాం పిల్లలున్నారు, తండా పిల్లలున్నారు. ఇక్కడ శ్రావణీ, ఒక గోండు పిల్ల వైపు నుంచి ఒకసారి చూడు. ఆమెకు లపక ఎంతో పలకా అంతే. రెండూ ఆమె ఇంట్లో లేని మాటలే. మన లిపి ఎంత చక్కనిదంటే, రాసినదాన్ని రాసినట్టు పలికితే చాలు. ఇంగ్లీషులో తెలియని మాటను సరిగ్గా పలకడం గ్యారంటీ లేదు, తెలుగులో ఉంది. అందువల్ల అక్షరాలు నేర్చిన గోండు పిల్ల నీ వాచకం మొత్తం తడుముకోకుండా చదివేస్తుంది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్ళు భేష్ అంటారు. ఒక్క ముక్క అర్థమై ఉండకపోవచ్చు. మన లిపిలోని సుగుణమే ఆమె ఇబ్బందిని దాచేస్తుంది. లపక పరీక్షలో ఆమె మొదటి మార్కు తెచ్చుకుంటుంది కూడా. కాబట్టి ఆమెకు రెండో ప్రశ్న వెయ్యాలి. పలక, లపక, బలపం, పలబం నేల మీద రాసి, "ఇందులో నీకు తెలిసిన వస్తువులు ఏవి? తెచ్చి చూపించు" అనాలి. చదవడం ఒకటి, మాటను మాటగా ఎరగడం ఇంకొకటి. ఈ రెండూ వేర్వేరుగా చూడని బడుల్లో ఆ పిల్లలు ఐదో తరగతి దాకా చదివినట్టే ఉండి ఆ తరవాత కనపడకుండా పోతారు. నాకు దీని మీద చాలా బాధ ఉంది, కోపం కూడా ఉంది.

గోండీలో నీళ్ళను ఏర్ అంటారు. చూడు, ఎంత ప్రమాదమో! పిల్లాడు ఏర్ అంటే నీ చెవి వెంటనే ఏరు దగ్గరికి వెళ్తుంది, వాగులోకి పోతానంటున్నాడనుకుని నువ్వు వద్దంటావు. వాడు నీళ్ళడుగుతుంటాడు. తండా పిల్లలు పాణి అంటారు, అది నీకు హిందీ పుణ్యమా అని అందుతుంది. నీ బడికి దగ్గర్లోనే జైనూరు వైపు మార్లవాయి ఉంది. 1940లలో హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త అక్కడ గోండు పిల్లలకు గోండీలో చదువు మొదలుపెట్టించాడు. అంతకు ముందే గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు పుస్తకాలు రాసి, బడులు పెట్టారు. ఆగస్టు 29న ఆయన పేరు చెప్పి తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. దండ వేసే ముందు ఆయన ఇంకొకరి భాషను కూర్చుని నేర్చుకున్న మనిషని పిల్లలకు చెప్పు.

ఏది మాట, ఏది కాదు అన్న తగాదా మన దగ్గర పాతదే. వ్యాకరణాల్లో గ్రామ్యం అని ఒక గది కట్టి, ఇంట్లో మాట్లాడే మాటలన్నిటినీ అందులో పెట్టి తాళం వేశారు. 1885లో వచ్చిన శబ్దరత్నాకరం గొప్ప నిఘంటువే, ఇప్పటికీ నా మంచం పక్కన ఉంటుంది. అయితే అది కావ్యాల మాటలకు పెద్దపీట వేసింది. రైతు నోటి మాట, మగ్గం మీద మాట నిఘంటువుకెక్కడానికి ఇంకా చాలా కాలం పట్టింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు మనుషులను ఊళ్ళకు పంపి, నాగలి భాగాలకూ, నేల రకాలకూ ఏ జిల్లాలో ఏమంటారో అడిగించి రాయించారు. ఆ వ్యవసాయ పదకోశం 1962లో వచ్చింది, తరవాత చేనేత పదాలది. ఆ మాటలు అంతకు ముందు లేవా? ఉన్నాయి, అడిగినవాళ్ళు లేరు. నలిమెల భాస్కర్‌గారి తెలంగాణ పదకోశం నీకు విడిగా కొని పంపుతున్నాను. ఖమ్మంలో పెరిగావు కాబట్టి కొన్ని నీకు తెలిసే ఉంటాయి. ఆదిలాబాద్ వైపు మాటలు వేరు. పుస్తకంలో లేని మాట వినపడితే మార్జిన్‌లో రాసుకో.

పిల్లలతో ఆడటానికి ఇంకొకటి చెబుతాను. పులి గిలి, బడి గిడి, పాట గీట, పుస్తకం గిస్తకం. ఇందులో గిడి ఏ నిఘంటువులోనూ దొరకదు. అయినా "బడీ గిడీ లేదా ఇవాళ?" అంటే అర్థం కానివాళ్ళు లేరు. మాట కానిది మాట పక్కన నిలబడి 'అలాంటివన్నీ' అని అర్థం తెచ్చుకుంది. హ్రస్వానికి గి, దీర్ఘానికి గీ అని మూడేళ్ళ పిల్లకు కూడా తెలుసు. ద్రావిడ భాషలన్నిటిలో ఈ అలవాటు ఉంది. 1938లో ఎమెనో అనే పండితుడు దీని మీద వచ్చే జానపద కథల గురించే ఒక వ్యాసం రాశాడు. పులి గిలి అన్న మాట విని, ఆ గిలి అనేది తనకన్నా భయంకరమైన జంతువేమోనని పులి హడలిపోయే కథ. మీ పిల్లలకు చెప్పు. మాట అంటే ఏమిటో, మాట కానిది అంటే ఏమిటో ఆ పులిని చూసి నవ్వుతూ తెలుసుకుంటారు. వాళ్ళ ఇళ్ళలో ఇలాంటి జంటలు ఎలా అంటారో కూడా అడుగు.

సాయంత్రాలు ఇప్పుడు మా పేట మెట్ల బావి వైపు నడుస్తున్నాను. నువ్వు చిన్నప్పుడు వచ్చినప్పుడు అది చెత్తకుప్ప, ముక్కు మూసుకుని దాటేవాళ్ళం. దాని కింద బావి ఉందని అప్పట్లో ఎదురింట్లో కొత్తగా దిగినవాళ్ళకు తెలియను కూడా తెలియదు. తోడి, శుభ్రం చేసి, 2022 డిసెంబరులో తెరిచారు. పదిహేడో శతాబ్దపుదంటారు. మొన్న గట్టు మీద నా పక్కన ఒక ముసలావిడ కూర్చుంది. చిన్నతనంలో ఇక్కడే నీళ్ళు చేదుకునేవాళ్ళమని, ఎండల్లో పేటంతటికీ ఇదే దూప తీర్చేదని చెప్పింది. ఆ మాట విన్నాక కాసేపు నాకు గొంతు పెగల్లేదు. ఆవిడ ఏమనుకుందో.

పార్సిల్‌లో పదకోశంతో పాటు గట్టి అట్ట ఉన్న నోటుపుస్తకం ఒకటి పెట్టాను. పిల్లలు అనే మాట నీకు తెలియనిదైతే దిద్దకు, విన్నది విన్నట్టు అందులో రాసుకో. ఎవరన్నారు, ఏం చూపిస్తూ అన్నారు, అది కూడా. ఏర్ దగ్గర నుంచి మొదలుపెట్టు. దాహమేసినప్పుడు గోండు పిల్లలు ఏమంటారో, కోలాం పిల్లలు ఏమంటారో, తండా పిల్లలు ఏమంటారో అడిగి నాకు ఉత్తరం రాయి. ఫోన్లో వద్దు, సిగ్నల్ మధ్యలో నాకు తప్పు వినపడుతుంది. ఎండలు ముదరకముందే రాయి.

మీ
పెద్దమ్మ